ఆదినారాయణ కారుకు తెల్లవారి వచ్చే రోగం

ఆదినారాయణ మదనపల్లె, పుంగనూరు, కుప్పం రోడ్లమీద ఇరవై ఏడేళ్లు బస్సు నడిపాడు. ఒక్క ప్రమాదం లేదు. పలమనేరు దాటాక ఒకసారి ఒక పాడి ఎనుముకు బస్సు తగిలిన మాట నిజమే. కానీ ఆ ఎనుము లేచి తనంతట తానే నడిచి పోయింది కాబట్టి, ఆయన లెక్కలో అది ప్రమాదం కాదు, పరిచయం. చదువు పల్లె బడిలో ఐదో తరగతి. తరగతికి ఫస్టు. తరగతిలో ఎంతమంది ఉండేవాళ్లని ఎవరైనా అడిగితే "అప్పట్లో మా అయ్యవారు ముగ్గురికి మించి చేర్చుకునేవాడు కాదు, అంత కఠినం" అనేవాడు.

అన్నిటికన్నా గొప్పది ఆయన చెవి. రిటైరయ్యాక నడవలో మంచం మీద పడుకుని, రోడ్డున పోయే బస్సుల రోగాలు చెప్పేవాడు. "దానికి క్లచ్చి ప్లేటు పోయిండాది. దీనికి గేరు పెట్టె అరుగుతాండాది." ఏ బస్సూ ఆగి, దిగి, కాదని చెప్పింది లేదు. అందువల్ల ఆయన మాట ఒక్కసారి కూడా తప్పలేదు.

అంతటి చెవికి 1999 చలికాలంలో పరీక్ష వచ్చింది.

ఆ ఏడు ఆయన సెకండ్‌హ్యాండులో ఒక చిన్న పెట్రోలు కారు కొన్నాడు. పుంగనూరుకు నాలుగు మైళ్ల దూరంలోని ఆ పల్లెలో అదే మొదటి కారు. కొన్న రోజున పుంగనూరు బస్టాండు ఎదురుగా షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు మునిరాజు దాని ఇంజను పైభాగంలో ఆడే ట్యాపెట్లు సరిచేసి పంపించాడు. పది రోజులకు ఆదినారాయణ పాత ఆయిలు తీసేసి, కొత్త ఆయిలు సొంత చేత్తో పోశాడు. ఇంజనుకు పథ్యపానాలు ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?

మరుసటి రోజు నుంచే చప్పుడు మొదలైంది. తెల్లవారి తాళం తిప్పగానే టకటకటకటక మని, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు. రెండు నిమిషాలు అట్లా ఊగిపోయి, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు ఊరుకునేది. మళ్లీ మరునాటి తెల్లవారిదాకా కిక్కురుమనేది కాదు.

మొదటి వారం ఆదినారాయణ "బేరింగు" అన్నాడు. రెండో వారం "పిస్టను" అన్నాడు. మూడో వారం రోగం పేరు వదిలిపెట్టి రోగకారకుణ్ణి పట్టుకున్నాడు. "ఆ మునిరాజు చెయ్యి పడిండాది. ట్యాపెట్లు ముట్టుకున్నాడు, ఇంజను చంపినాడు" అని వీధిలో నలుగురికీ చెప్పాడు. అంతటి చెవి చెప్పాక ఇంకేముంది? పల్లెలో ఇద్దరు రైతులు తమ ట్రాక్టర్లను మునిరాజు దగ్గరికి తోలడం మానేశారు.

ఇంతలో ఆయన కూతురు నవనీతకు కుప్పంలో ఒక బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం పది గంటలకు చేరాలి. "మా బిడ్డ కార్లో పోయి చేరతాది" అని ఆదినారాయణ ఊరంతా చాటింపు వేశాడు. నవనీత మాత్రం బస్సు టైములు కాగితం మీద రాసుకుంటూ కనబడింది.

"ఏందమ్మా అది?"

"ఆ టకటకతో నేను రాను నాయనా. యాడనో అడివిలో నిలబడిపోతే? మొదటి రోజే ఆలస్యంగా పోతే నా మొహం యాడ పెట్టుకునేది?"

ఇరవై ఏడేళ్లు కుప్పానికి బస్సు తోలినవాడి కూతురు, ఇంటి ముందర కారు పెట్టుకుని, చెయ్యెత్తి బస్సు ఆపి ఎక్కితే ఊరు ఏమనుకుంటుంది? సోమవారంలోపు చప్పుడు పోవాలి. అది శుక్రవారం.

తాను నిందవేసిన మునిరాజు దగ్గరికి పోయే ప్రశ్నే లేదు. శనివారం కారు తీసుకుని నేరుగా మదనపల్లెకు, డిపోలో తనతో పనిచేసిన ఈశ్వరప్ప దగ్గరికి వెళ్లాడు. ఈశ్వరప్ప ఇప్పుడు టమోటా మార్కెట్టు దగ్గర సొంత షెడ్డు నడుపుతున్నాడు. కారు అక్కడికి చేరేసరికి వేడెక్కి, కొత్త కోడలిలా నోరు విప్పకుండా నిలబడింది.

"యాడప్పా సప్పుడు?" అన్నాడు ఈశ్వరప్ప.

ఆదినారాయణ నోటితో చేసి చూపించాడు. టకటకటకటక.

"బాగా చేస్తాండావు. కానీ అది నువ్వు చేసేది. కారు చేసేది యాడ?"

మధ్యాహ్నందాకా ఆపి పెట్టి చూశారు. ఎండకు కాగిన ఇంజను మళ్లీ మెత్తగా లేచింది. ఈశ్వరప్ప చేతులు తుడుచుకున్నాడు.

"దీనికి తెల్లారే సలి కావాల. రాత్రికి ఈడ్నే వదిలిపెట్టి పో. పొద్దున్నే నేను సూస్తా."

అదొక్కటే ఆదినారాయణ వల్ల కాని పని. తెల్లవారి లేచి చూసేసరికి వాకిట్లో కారు లేకపోతే పల్లె ఏమంటుంది? అమ్మేశాడంటుంది. ప్రమాదం లేకుండా బస్సు నడిపినందుకు డిపోవాళ్లు ఇచ్చిన ప్రశంసాపత్రం అద్దం పగలగొట్టినా ఓర్చుకుంటాడు గాని ఆ మాట ఓర్చుకోలేడు.

"కారు రాదప్పా."

"అయితే నేనే రావాలా? సరే, రేపు మొదటి బస్సుకు వస్తా. నేను వచ్చేదాకా తాళం ముట్టుకోవద్దు."

ఆదివారం ఆరు గంటలకు, మఫ్లరు చుట్టుకుని ఈశ్వరప్ప దిగాడు. ఆదినారాయణ భార్య రుక్మిణమ్మ కాఫీ తెచ్చింది. పక్కింటి జయమ్మ చీపురు చేతిలోనే పట్టుకుని వచ్చి నిలబడింది. ఆమె వెనక మరో ఆరుగురు. కారుకు వైద్యం చేయడం ఆ వీధి ఇంతవరకు చూడలేదు.

తాళం తిప్పారు. టకటకటకటక. ఈశ్వరప్ప తల పక్కకు వంచి విన్నాడు. ఆపమని చెయ్యి ఊపి, బానెట్టు ఎత్తి, ఆయిలు కొలిచే పుల్ల బయటికి లాగాడు. ఆయిలు కారలేదు. పుల్లకు అంటుకుని వేలాడింది.

"ఇదేం ఆయిలప్పా, బెల్లం పాకమా?"

"బస్సుకు పోసేదే" అన్నాడు ఆదినారాయణ, ఛాతీ కొంచెం ముందుకు పెట్టి. "ఇరవై ఏడేండ్లు దాంతోనే..."

"బస్సుకు సరే. దీని గొంతు చిన్నది గదా. పొద్దున బోరింగు కొడితే మొదటి నాలుగు దెబ్బలకు నీళ్లు వస్తాయా? వట్టి గాలి. ఇదీ అంతే. సలికి ఈ ఆయిలు బిగుసుకుపోతాది. అది పైకి ఎక్కేదాకా ట్యాపెట్లు తడి లేకుండా కొట్టుకుంటాండాయి. ఎక్కినాక ఊరుకుంటాండాయి. రోగం లేదు, ఏం లేదు. ఎవురు పోసినారు ఇది?"

వీధి అంతా ఆదినారాయణ వైపు తిరిగింది.

"రోగం చెప్పినావు గదప్పా, చరిత్ర యాల?" అన్నాడు ఆదినారాయణ. "కాఫీ చల్లారిపోతాండాది, తాగు."

"అట్లయితే మునిరాజుది తప్పు లేదా?" అని అడిగింది జయమ్మ.

ఆ క్షణాన ఆదినారాయణకు ఆకాశంలో ఏదో పక్షి కనబడింది. చాలాసేపు దాన్నే చూశాడు.

ఈశ్వరప్ప ఆ పాకమంతా దింపి, అనుమానంతో ముందే సంచిలో తెచ్చిన పలుచని ఆయిలు పోసి, మధ్యాహ్నం సంగటి తిని వెళ్లిపోయాడు. సాయంత్రం నవనీత నడవలో తండ్రి ముందర నిలబడింది.

"రేపు కార్లో వస్తా నాయనా. అయితే పుంగనూరులో మునిరాజు షెడ్డు కాడ నిలపాల. ఆయిలు పోసింది నేనేనని ఆయప్పకు నువ్వు చెప్పాల."

"నీకేం తెలుసమ్మా? నేను ఎంతమంది అధికారుల దగ్గర..."

"ఇద్దరు ఆయన దగ్గరికి పోవడం మానేసినారు నాయనా, నీ మాట విని. నువ్వు చెప్పకపోతే ఎదురుగానే బస్టాండు. దిగి పోతా."

రుక్మిణమ్మ వంటింట్లోంచి, "చెప్పేదానికి ఆయనకు నోరు నొయ్యదులేమ్మా. నోరే గదా ఆయన ఆస్తి" అంది.

సోమవారం తెల్లవారి తాళం తిప్పితే కారు ఒక్కసారి గొణిగి, మెత్తగా అందుకుంది. ఆదినారాయణ ముఖం వెలిగింది. వీధి చివరిదాకా ఆ వెలుగు ఉంది. పుంగనూరు దగ్గరపడేకొద్దీ తగ్గుతూ వచ్చింది.

షెడ్డు ముందర ఆపాడు. మునిరాజు ఒక స్కూటరు విప్పుకుంటున్నాడు. రోడ్డుకు ఆవలి పక్క "పలమనేరు, వీకోట, కుప్పం!" అని కండక్టరు అరుస్తున్నాడు. నవనీత ఒడిలో సంచి పెట్టుకుని, పక్క తలుపు సగం తెరిచి కూర్చుంది.

ఆదినారాయణ దిగాడు. గొంతు సవరించుకున్నాడు.

"మునిరాజూ, నేను ఇరవై ఏడేండ్లు బస్సు..."

"తెలుసప్పా. ఎనుము సంగతి గూడా తెలుసు."

"అది కాదు. ఇంజను అన్నాక, ఎంత అనుభవం ఉండేవాడైనా... వాతావరణం గూడా..."

ఆయన వీపు వెనక కారు తలుపు కిర్రుమంది. నవనీత ఒక కాలు నేలమీద పెట్టింది. ఆవల కండక్టరు రైట్ రైట్ అన్నాడు.

"ఆయిలు నేనే పోసినా!" అన్నాడు ఆదినారాయణ, ఎవరో వీపున గుద్దితే బయట పడినట్టు. "బస్సు ఆయిలు. నీ చేతిలో తప్పు లేదు. ఊర్లో నేను చెప్పింది అబద్ధం."

మునిరాజు స్పానరు కింద పెట్టాడు. నవ్వలేదు.

"ఉండప్పా. లోపల బండ్లు రిపేరుకు తెచ్చినోళ్లు ఇద్దరుండారు, పిలుస్తా. వాళ్లకూ వినపడాల."

ఇద్దరూ వచ్చారు. ఒకాయన చేతిలో టీ గ్లాసు. ఆదినారాయణ మళ్లీ చెప్పాడు. ఈసారి ఇరవై ఏడేళ్ల ప్రస్తావన రాలేదు. మాటలు తక్కువయ్యాయి, చెవులు ఎర్రబడ్డాయి.

నవనీత కాలు లోపలికి తీసుకుని తలుపు లాగి వేసుకుంది. ఆదినారాయణ వచ్చి కూర్చుని, స్టీరింగు పట్టుకుని గేరు వేశాడు.

కారు కదలబోతుంటే మునిరాజు కిటికీ దగ్గరికి వంగాడు.

"సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు గూడా ఒకసారి నిలుపప్పా. ఆ ట్రాక్టర్లోళ్లను పిలిపిస్తా. వాళ్లకు నీ నోటితో చెబితేనే నమ్ముతారు."