సుబ్బరామి సారు శేషం

సుబ్బరామి సారుకు సమంగా పంచడం చేతకాదు. బళ్ళారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టే సందులో ఒక ప్రైవేటు బడి ఉంది. అందులో మూడో తరగతికి లెక్కలు చెప్పే మనిషి ఆయన. లెక్కల సారై ఉండి కూడా ఆయన చేసిన ఏ భాగహారమూ ఇంతవరకు నిశ్శేషంగా పోలేదు. ఇంట్లో ఉండేది మొగుడూ పెళ్ళాం ఇద్దరే, అరటిపళ్ళు మాత్రం ఏడు తెస్తాడు. ఏదో ఒకటి మిగలకపోతే ఆయనకు తెల్లవారినట్టే ఉండదు.

హెడ్ మిస్ట్రెస్ నాగవేణికి ఆయన్ను చూస్తేనే ఒళ్ళు మంట. ఆవిడ కాలవ కింద వరి పండించే కోస్తా నుంచి వలసొచ్చినవాళ్ళ క్యాంపులో పెరిగింది. అక్కడ ఎక్కాలు గొంతు చించుకుని నేర్చుకున్నారు, తప్పితే వేళ్ళమీద బెత్తం దెబ్బ తిన్నారు. లెక్కలంటే ఏడిస్తేనే వస్తాయని ఆవిడ గట్టి నమ్మకం. ఆవిడకు ఇంకో గుణం కూడా ఉంది. కొత్తిమీర కట్ట కొన్నా సరే, కొసరు పడేదాకా బండి దగ్గర్నుంచి కదలదు. బజారులో ఆవిడ వస్తుంటే కొందరు ముందుగానే ఒక రెమ్మ తీసి పక్కన పెట్టుకునేవాళ్ళు.

సుబ్బరామి సారు ఒకసారి పాత జీన్స్ ప్యాంటొకటి తెచ్చి తరగతి గోడకు వేలాడదీశాడు. కుడి జేబు ఒకట్లు, ఎడమ జేబు పదులు. పక్క కుట్టు యూనిట్‌లో పారేసిన ఇత్తడి గుండీలు తెచ్చి పిల్లల చేతికిచ్చాడు. కుడి జేబులో పది గుండీలు పడితే వాటిని దారానికి గుచ్చి ఎడమ జేబులోకి తొయ్యాలి.

"మరి వందలో?" అంది నాగవేణి.

"వెనక జేబులో ఉండాయి కదమ్మా," అని ఆయన ప్యాంటును తిప్పి చూపించాడు.

వందలను వెనక జేబులో పెట్టమని ఏ సిలబస్సులో ఉందో ఆవిడ రెండ్రోజులు వెతికింది. దొరకలేదు. పిల్లలకు మాత్రం మూడంకెల కూడికలు వచ్చేశాయి. అది ఆవిడకు ఇంకా కోపం తెప్పించింది.

పోనీ గుడ్డే కదా అని ప్యాంటును ఎలాగో ఓర్చుకుంది. ఓర్చుకోలేనివి గుంతపొంగణాలు. రోజూ మొదటి పీరియడ్‌కు ఆయన దురుగప్ప బండి మీంచి పొట్లం కట్టించుకుని వచ్చేవాడు. నేలమీద సుద్దతో ఆరు గుండ్రాలు గీసేవాడు. తరగతిలో ఉన్నది పద్దెనిమిది మంది. గుండ్రానికి ముగ్గురు చొప్పున చుట్టూ చేరేవాళ్ళు.

"పొంగణాలు ఇరవై మూడు. గుండ్రాలు ఆరు. గుండ్రానికి ఎన్ని?"

"మూడు సార్. ఐదు మిగుల్తాయి."

"ఆ ఐదూ ఎవురికి?"

"లెక్క తప్పినోళ్ళకి సార్."

కిటికీ దగ్గర నిలబడి వింటున్న నాగవేణికి తల తిరిగింది. "సుబ్బరామిగారూ, ఒప్పు చెప్పినవాడికి ఒకటి, తప్పు చెప్పినవాడికి ఆరా? రేపు పరీక్షలో కూడా తప్పులకే మార్కులు వేస్తారా ఏమిటి?"

"మార్కులు తినేదానికి రావు కదమ్మా," అన్నాడాయన పొట్లం మడుస్తూ.

మొదట్లో తరగతంతా ఎగబడి తప్పులు చెప్పింది. తరవాత ఏమైందో ఏమో, అందరూ బుద్ధిగా ఒప్పు చెప్పడం మొదలుపెట్టారు. తప్పేది పద్మశ్రీ ఒక్కతే. రోజూ నిలబడి, "నాలుగు సార్," అనేది. ఐదు పొంగణాలూ తీసుకుని కూర్చునేది. ఆ పిల్ల మొద్దు, ఈయన ఆ మొద్దుతనానికి ఎరువు వేస్తున్నాడు అని నాగవేణి తేల్చేసింది.

బడి యజమాని జగదీశ్‌ది లారీల కుటుంబం. ఈమధ్యే ఒక స్మార్ట్ బోర్డు కొన్నాడు. దాన్ని మూడో తరగతిలో పెట్టించి, సుబ్బరామి సారును బడి బస్సులో పిల్లలను ఎక్కించే పనికి మార్చమని నాగవేణి సలహా ఇచ్చింది. బస్సులో అయితే పంచడానికేమీ ఉండదు. సోమవారం భోజనాలయ్యాక జగదీశ్ స్వయంగా వచ్చాడు. ఆవిడ సాక్ష్యంగా పద్మశ్రీని నిలబెట్టింది.

జగదీశ్‌కు తెలిసిన లెక్కలు లారీల లెక్కలే. "యాభై టైర్లుండాయి పాపా. పన్నెండు టైర్ల లారీలకు బిగించాల. ఎన్నిటికొస్తాయి?"

నాగవేణి నవ్వుకోవడానికి సిద్ధంగా ఉంది.

"నాలుగింటికి సార్. రెండు మిగుల్తాయి. స్టెప్నీకి పెట్టుకోండి."

జగదీశ్ పకపకా నవ్వాడు. నాగవేణి పద్మశ్రీ వైపు తిరిగి, "మరి పొద్దున అంత చిన్న లెక్క కూడా తప్పుతావెందుకే?" అంది.

పద్మశ్రీ తల వంచుకుంది. పక్కనున్న హంపేశ్ లేచి, "ఆ యమ్మి పొద్దున మాత్రమే తప్పు చెప్తాది మిస్. మధ్యాన్నం అన్నీ కరెక్టే," అన్నాడు. సుబ్బరామి సారు గబగబా, "సరే సరే, ప్యాంటు తిప్పండి, వందలు చేద్దాం," అని అందరినీ గోడ వైపు మళ్ళించాడు.

"ఆ బోర్డు నాలుగో తరగతికి పెట్టుకోండి మేడం. ఈడ ప్యాంటే ఉండనీ," అని జగదీశ్ వెళ్ళిపోయాడు.

నాగవేణి సుబ్బరామి సారును వరండాలో నిలేసింది. "ఆ పిల్లకు లెక్క వచ్చని మీకు తెలుసా?"

"తెలియకేమమ్మా. వాళ్ళమ్మ తెల్లారకనే జీన్స్ ఉతికే వాషింగ్ యూనిట్‌కు పోతాది. పొయ్యి ముట్టించే టైమే ఉండదు."

"అయితే నాకు చెప్పొచ్చు కదండీ."

"జూన్‌లో మీరు ప్రేయర్ కాడ అడిగితిరి కదా, తినకుండా వచ్చినోళ్ళు చెయ్యెత్తండి అని. ఎవురన్నా ఎత్తిరా? లెక్క తప్పినోళ్ళు ఎత్తండి అంటే ఎత్తుతారమ్మా. దాంట్లో సిగ్గేముండాది?"

"తక్కిన పిల్లలో?"

"వాళ్ళకు నాకంటే ముందే తెలుసు."

నాగవేణికి నిజంగానే సిగ్గేసింది. అయినా హెడ్ మిస్ట్రెస్ కదా, ఏదో ఒకటి అనాలి. "ఆ తెచ్చేదేదో ఇంకాస్త మిగిలేట్టు తేకపోయారా? పెరిగే పిల్లకు ఐదేం సరిపోతాయి?"

"ఆరుతో భాగిస్తే శేషం ఐదుకు మించదమ్మా," అన్నాడాయన దిగులుగా. "మించే దావ ఉండింటే తెద్దును."

మర్నాడు సుబ్బరామి సారు బండి దగ్గరికి వెళ్ళేసరికి పొట్లం అప్పటికే కట్టడానికి సిద్ధంగా ఉంది. నాగవేణి అక్కడ నిలబడి దురుగప్పతో గొడవపడుతోంది. గొడవ కొసరు గురించే. ఆవిడ అడగబోయేలోపే దురుగప్ప భయంతో ఇరవై మూడింటి మీద ఇంకొకటి వేసేశాడు.

"తీసెయ్యప్పా," అంటోంది నాగవేణి. "ఇరవై నాలుగైతే సమంగా పోతుంది. లెక్క చెడిపోతుంది."

దురుగప్ప తన చెవులను తానే నమ్మలేదు. ఇచ్చిన కొసరు వెనక్కి తీసుకుంటే వ్యాపారానికి మంచిది కాదని మొండికేశాడు. నడిబజారులో నిలబడి తినేవాళ్ళను చూసి ఇన్నాళ్ళూ ముక్కు చిట్లించిన నాగవేణి, అటూ ఇటూ చూసి, ఆ ఇరవై నాలుగోదాన్ని నోట్లో వేసుకుని బడివైపు నడిచింది.