నాంపల్లి బదులు గౌలిగూడ

మా సార్ పోయారన్న కబురు వచ్చేసరికి నేను ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే కళ్ళనిండా నీళ్ళు. వాటికి కారణం ఉల్లిపాయలా, సారా, లేక ఆయన మీద ఇంకా చల్లారని కోపమా? ఏది దేనివల్ల జరిగిందో తేల్చడం ఆయన దగ్గరే నేర్చుకున్న మనిషిని. అయినా తేల్చుకోలేకపోయాను.

ఆబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం పైగదిలో ఆదివారాలు ఆయన మాకు పాఠం చెప్పేవారు. కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యారు. వాళ్ళ నాన్నగారు యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బందరు నుంచి గుమాస్తాగా వచ్చారట. పుట్టి పెరిగింది ఇక్కడే అయినా సార్ మాటలో బందరు పోలేదు. "ఏవమ్మా, జ్వరం తగ్గిందని మాత్రకి దణ్ణం పెట్టేస్తావా? వేసుకోకపోయినా తగ్గేదేమో చూశావా?" అనేవారు. పెళ్ళవగానే జీతం పెరిగింది, అంతా మా ఆవిడ అదృష్టం అని ఒకతను మురిసిపోతుంటే, "ఆ ఏడు మీ ఆఫీసులో బ్రహ్మచారులకి పెరగలేదుటయ్యా?" అని అడిగారు. పాపం, అతను ఇంటికెళ్ళి ఏం చెప్పుకున్నాడో!

ఆ గదిలో ఒక కట్టడి ఉండేది. కింద హోటల్ నుంచి చాయ్ వచ్చేది. లెక్కలు తీసి ఫలితం చూడకముందే, చేతిలో చాయ్ అయ్యేలోపు, దేన్ని దేనితో పోలుస్తామో అందరి ముందూ పైకి చెప్పెయ్యాలి. కప్పు కింద పెట్టాక ఇక మార్చడానికి లేదు. ఫలితం నచ్చక పోలిక మారుస్తానని ఒకరు బతిమాలితే, "పరీక్ష రాశాక ప్రశ్నపత్రం మార్చమంటావా?" అని సార్ ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు.

తర్వాత ఆబిడ్స్‌లో రోడ్డు పని మొదలైంది. ఫుట్‌పాత్‌కి అడ్డంగా రేకులు పాతారు. అక్కడి చిన్న బేరాలు ఆ పనివల్లే దెబ్బతిన్నాయని తేలితే, పని అయ్యాక ఎవరి చోటు వాళ్ళకు తిరిగి ఇస్తామని ఆ పని చేయించే ఆఫీసర్లు అన్నారు. తేల్చే బాధ్యత సార్‌కి ఇచ్చారు. సార్ నన్ను వెంట తీసుకెళ్ళారు. చేతిరుమాళ్ళు, సాక్సులు అమ్మే ఒకావిడ ముందు ఆ ఎండలో పీట వేసుకుని కూర్చుని, ఓపిగ్గా అన్నీ అడిగారు. "రేకులు పెట్టినంక గిరాకీ ఏడిది సారూ? మనిషి నిలబడనీకే జాగ లేదు" అందామె.

ఆ ఆదివారం సార్ చాయ్ తాగుతూ అందరి ముందూ చెప్పారు. "నాంపల్లి స్టేషన్ రోడ్డుతో పోలుద్దాం. అక్కడా ఇలాంటి బేరాలే, తవ్వకం మాత్రం లేదు." కప్పు కింద పెట్టారు. లెక్క తీశాం. నాంపల్లిలో బేరాలు ఎప్పటిలా ఉన్నాయి, ఆబిడ్స్‌లో పడిపోయాయి. ఆమె చోటు ఆమెకు వస్తుందని నేను సంబరపడ్డాను.

అచ్చయి వచ్చిన రిపోర్టులో నాంపల్లి లేదు. దాని బదులు గౌలిగూడ ఉంది. బస్సులు తగ్గి అప్పటికే బేరాలు చచ్చిపోయిన చోటది. దాని పక్కన నిలబెడితే ఆబిడ్స్ నష్టం అందరికీ వచ్చిన నష్టంలాగే కనబడింది. రోడ్డు పనే కారణమని చెప్పలేము అని రాశారు. సార్ పేరు కింద నా పేరు కూడా ఉంది. ఒక్క అంకె తప్పు లేదు. అందుకే ఒళ్ళు మండిపోయింది. తెలియనివాడు చేస్తే పొరపాటు అనుకునేదాన్ని.

బషీర్‌బాగ్‌లో వాళ్ళింటికి వెళ్ళి అడిగాను. "సార్, నాంపల్లి ఏమైంది?"

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "అచ్చంగా సరిపోయే వీధి ఎక్కడా దొరకదమ్మా."

"ఈ మాట చాయ్ అవకముందు చెప్పలేదేం?"

"వాళ్ళు ఒప్పుకోలేదు. ఇంకేం అడక్కు. కాఫీ తాగి వెళ్ళు."

తాగలేదు. ఆయన ఉండగా మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఇవాళ నేను తింటున్న తిండి, ఆలోచించే తీరు ఆయన పెట్టిన భిక్షే. కాదనను. కానీ సార్ నన్ను నమ్మించి గొంతు కోశారు. మొన్న వాళ్ళింట్లో ఆయన ఫోటోకి దణ్ణం పెడుతున్నప్పుడు కూడా నాకు అదే అనిపించింది.

అక్కడి నుంచి తిన్నగా ఆ సాక్సులావిడ దగ్గరికి వెళ్ళాను. ఆమె చోటు ఆమెకు రాలేదు. ఇప్పుడు నాంపల్లిలో ఒక సందులో గోడవార కూర్చుంటోంది. ఇకనైనా జరిగింది జరిగినట్టు చెప్పేద్దామనుకున్నాను. ముందు సార్ పోయారని చెప్పాను.

"అయ్యో, పెద్దసారు పోయిన్రా? మా ముంగట కూసొని కష్టం అడిగింది గాయనొక్కడే బిడ్డా. మంచిగనే రాసిండు. ఆఫీసరోళ్ళే మార్చిన్రు."

"అలాగని ఎవరు చెప్పారమ్మా?"

"ఒకలు చెప్పాల్నా ఏంది? గాయన గట్ల రాస్తడా?"

ఆమె సాక్సుల కట్టలు పక్కకు జరిపి, సంచిలోంచి ఒక అగరుబత్తి తీసి గోడ పగులులో గుచ్చింది. అగ్గిపుల్ల గీసింది. ఆరిపోయింది. ఇంకొకటి గీసింది.

"జర చెయ్యి అడ్డం పెట్టు బిడ్డా, గాలొస్తుంది."

రెండు చేతులూ అడ్డం పెట్టాను. అంటుకునేదాకా తియ్యలేదు.