పందికి కొన్న పిస్టల్

మా నాన్న పోయాక అన్నకు నాలుగెకరాల పొలం, ఒక సింగిల్ బ్యారల్ తుపాకీ వచ్చాయి. నాకు చదువు వచ్చింది. ఆ చదువుతోనే నరసరావుపేటలో గుమాస్తా ఉద్యోగం చేస్తున్నాను. ఊళ్ళో ఎవరికి ఏ కాగితం కావాలన్నా నా దగ్గరికే వస్తారు. అది చూసుకుని నాకు కాస్త పొగరు ఉండేది.

పొలం మాచర్ల అవతల, అడవి అంచున ఉంది. మొక్కజొన్న కంకులు పాలు పోసుకునే రోజులకు అడవి పందులు గుంపులుగా దిగేవి. అవి తినేది కొంచెం, తొక్కి పాడుచేసేది ఎక్కువ. చుట్టూ పాత చీరలు కడితే వారం రోజులు భయపడేవి, తర్వాత వాటిని చింపుకుని మరీ లోపలికొచ్చేవి. కొందరు కంచెకు కరెంటు పెట్టేవాళ్ళు. అన్న ఒప్పుకోలేదు. గొర్రెల కాపరులు నడిచే దారి అది. చేలో పడ్డ పందిని కాల్చుకోవడానికి అటవీశాఖ నుంచి అనుమతి కాగితం తెప్పించుకున్నాడు. నాన్న తుపాకీ గొట్టాన్ని మాత్రం లోపల తుప్పు తినేసింది, పేలిస్తే చేతిలోనే పగులుతుందని బాగుచేసే అతను చెప్పాడు. అలాంటిదే ఇంకొకటి కొనుక్కుంటే చాలు అన్నాడు అన్న.

ఆ పని జరగనివ్వనిది నేను.

మా వైపు ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్లో అప్పజెప్పాలి. ఆ రోజు ఎవరి ఆయుధం ఏమిటో చూడటానికి పనిలేని జనమంతా వరండాలో చేరతారు. మొన్నటి ఎన్నికలప్పుడు అన్నతో నేనూ వెళ్ళాను. మాకు ముందు, ఊళ్ళో మా ఇంటికి సరిపడని పెద్దమనిషి కారు దిగి, చొక్కా పైకెత్తి, నడుముకున్న పిస్టల్ తీసి బల్ల మీద పెట్టాడు. జనం పక్కకు జరిగి దారిచ్చారు. తర్వాత అన్న గోనెసంచి విప్పి నాన్న తుపాకీ తీశాడు.

"ఇదింకా ఉందా బావా? పొయ్యిలో పెట్టుకోండి, ఒక పూట అన్నమన్నా ఉడికిద్ది," అన్నాడు ఆ పెద్దమనిషి.

అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. రసీదు మీద సంతకం పెడుతున్న అన్నను చూస్తే ఆ పెద్దమనిషి మీదకన్నా అన్న మీదే ఎక్కువ కోపం వచ్చింది.

ఎన్నికలు అయిపోగానే లైసెన్సులో తుపాకీ బదులు పిస్టల్ అని మార్పించే పనిలో పడ్డాను. ఆఫీసులో ఫైళ్ళ మధ్య ఫోన్ పెట్టుకుని వీడియోలు చూశాను. ఏవో దేశాల వేటగాళ్ళు పిస్టల్‌తో పందులను పడగొడుతున్నారు. వాళ్ళ చేతిలోది వేరే, దాని గుండు వేరే. మనకు దొరికేది అది కాదని తెలిసి కూడా ఆ సంగతి అన్నకు చెప్పలేదు.

"పందికి పిస్టల్ ఏందిరా?" అన్నాడు అన్న.

"పందికీ పనికొస్తది, ఊళ్ళోకీ పనికొస్తది," అన్నాను.

కొనడానికి బెజవాడ వెళ్ళాం. కొట్టులో ముసలి సాయిబు గారు గుడ్డ పరిచి మూడు పిస్టళ్ళు వరసగా పెట్టారు. ఒకటి చేతికి బరువు, ఒకటి మరీ ఖరీదు. మూడోది ధరకు తగ్గ సరుకు, ముప్పై రెండు బోరు, చిన్న గుండుది, సెమీ ఆటోమేటిక్. నొక్కినప్పుడల్లా ఒకటి పేలుతుంది, తర్వాతి గుండు దానంతటదే ఎక్కుతుంది. అదే ఇవ్వమన్నాను. దేనికి బాబూ అని అడిగారాయన. అడవి పందికి అన్నాను. ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఇది మనుషుల్ని బెదిరించే సామాను. పంది బెదరదు బాబూ. ఆ తోలూ కొవ్వూ దాటేసరికి దీని పస అయిపోయిద్ది. దెబ్బ తిన్న పంది చానా చెడ్డది, మీదకొస్తది. రెండు గొట్టాల తుపాకీ తీసుకోండి."

అన్న నా వంక చూశాడు. తుపాకీ కావాలంటే మళ్ళీ లైసెన్సు మార్పించుకోవాలి. అదొక్కటే అడ్డం కాదు, వరండాలో ఆ నవ్వులు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి.

"ఎనిమిది గుండ్లు పడతయ్యి అన్నా. ఒకటి కాకపోతే ఇంకోటి," అన్నాను.

అన్న పిస్టల్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "చేతికి ఆనటంలా. అయినా నీకు తెలిసినంత నాకేం తెలుసులే," అన్నాడు. తిరుగు బస్సులో నేను గొప్పగా కూర్చున్నాను.

ఆ పంటలోనే, తెల్లవారుతుండగా, అన్న ఒక పందిని కాల్చాడు. పక్క చేను రైతు చూసి తర్వాత నాకు చెప్పాడు. మూడు గుండ్లు పేల్చాడు, రెండు తగిలాయి. పంది మోకాళ్ళ మీద పడి, లేచి చొప్పలోకి దూరింది. పడిపోయి ఉంటుందనుకుని అన్న రెండడుగులు వేశాడు. అది పక్కనుంచి వచ్చి తొడ చీల్చేసింది. మాచర్లలో కట్టు కట్టించి గుంటూరు ఆసుపత్రికి చేర్చేసరికి ఒంట్లో నెత్తురు సగం లేదు.

రెండో రోజు మా మేనమామ చూడటానికి వచ్చాడు. మంచం పక్కన నిలబడి, "పందికి పిస్టల్ కొనమని ఎవడు చెప్పాడయ్యా నీకు?" అని అడిగాడు. వదిన అక్కడే ఉంది. నేను కిటికీ దగ్గర ఉన్నాను.

"ఎవరూ చెప్పలా మామా. నేనే మోజుపడి కొన్నా. వాడు వద్దన్నాడు," అన్నాడు అన్న.

కళ్ళు కూడా నా వైపు తిప్పలేదు. కాదు, నేనే కొనిపించాను అని ఆ క్షణంలో అనాల్సింది. అన్నకు నయం కానీ, అప్పుడు అందరి ముందూ చెబుదాం అనుకున్నాను. నాలుగో రోజు అన్న పోయాడు.

పెద్దకర్మ రోజు బంధువులు భోజనాలకు కూర్చున్నారు. నా విస్తట్లో వదిన తనే వడ్డించింది. పక్కనున్న వాళ్ళతో, "ఈ అబ్బాయి మాట విన్నా బతికేవాడు. చెప్పీ చెప్పీ అలిసిపోయాడంట, ఆయనే వినలా," అని కళ్ళొత్తుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "పిల్లల్ని ఇంక నువ్వే చూసుకోవాలయ్యా. ఏ పనైనా నువ్వు చెప్పినట్టే చేస్తా," అంది.

అందరూ నా వైపు చూస్తున్నారు. సరే వదినా అన్నాను.