మెడ నిలవని బొమ్మ

బస్సు డిపోలో ముప్పై ఏళ్లు సీట్లు కుట్టిన మనిషికి ఒక గుడ్డబొమ్మ ఏపాటి పని? సీట్లాయన అలాగే అనుకున్నాడు. అసలు పేరు ఎప్పుడో మరుగున పడిపోయి, వీధిలో పాలవాడి దగ్గర్నుంచి డాక్టరు దాకా అందరూ ఆయన్ని సీట్లాయన అనే పిలుస్తారు. ఆయన కుట్టిన సీటు మీద ఎంత భారీ మనిషి కూర్చొని లేచినా గుంట పడేది కాదు. ఆ సంగతి ఆయనే కనిపించిన వాళ్లందరికీ చెప్పేవాడు, తెలుసు మహాప్రభో అన్నా వదిలేవాడు కాదు.

బొమ్మ పాప కోసం. కొడుక్కీ కోడలికీ ఇద్దరికీ ఇది రెండో పెళ్లి. కోడలితో పాటు ఆమె ఆరేళ్ల కూతురూ ఈ ఇంటికొచ్చింది. వచ్చి నెలలు గడిచినా ఎవరితోనూ ఉలుకూ పలుకూ లేదు. తల్లి వంటింట్లోకి వెళ్తే వంటింట్లోకి, పెరట్లోకి వెళ్తే పెరట్లోకి. ఇప్పుడేమో సోమవారం నుంచి కోడలు కొత్త ఉద్యోగంలో చేరాలి. ఉదయం వెళ్తే మళ్లీ సాయంత్రానికే రావడం. పాప ఇంట్లో సీట్లాయన దంపతుల దగ్గర ఉండకపోతే ఆ ఉద్యోగం చేజారినట్టే.

"అది ఉండదు మావయ్యా. రాలేనని ఫోన్ చేసి చెప్పేస్తాను" అంది కోడలు.

"తొందరపడకమ్మా. నేనో బొమ్మ కుట్టి ఇస్తాగా, పాపకి నువ్వు గుర్తుకే రావు చూడు" అన్నాడు.

డిపో నాటి పెట్టె తెరిచాడు. దబ్బనం, వంకర సూది, నైలాను దారం, చెక్క సుత్తి అన్నీ ఉన్నాయి. బొమ్మ ఒంటికి రెక్సిన్, లోపలికి ఫోము ముక్కలు. మోకాలితో అదిమి మరీ కూరాడు. తయారైన బొమ్మ బల్ల మీద సైనికుడిలా నిలబడింది. ఊడుస్తున్న చీపురు ఆపి, ఆయన భార్య దాన్ని ఎగాదిగా చూసింది.

"ఏవండీ, ఇది పాప ఎత్తుకోడానికా, ఎక్కి కూర్చోడానికా?"

"నీకేం తెలుసు? పదేళ్లయినా చెక్కుచెదరదు."

"పదేళ్లకి పాపకి పదహారు వస్తాయి. ముందు సోమవారం సంగతి చూడండి."

పాప బొమ్మను తీసుకుంది. ఒళ్లో పడుకోబెట్టబోతే కాళ్లు గాల్లోకి లేచాయి. చెంపకు ఆనించుకుంది, చల్లగా తగిలినట్టుంది, మెల్లగా తీసి బల్ల మీద పెట్టేసింది. "ఇది అసలు నిద్రే పోదు" అంది, అదీ తల్లి చెవిలో. సీట్లాయన మొహం చిన్నబోయింది.

మర్నాడు ఇంకో బొమ్మ కుడదామని కుట్టుసామాను కొట్టుకు వెళ్తుంటే భార్య వెనక నుంచి చెప్పింది, "గుడ్డ వేళ్లతో కాదు, చెంపతో చూడండి. పాప మొహమేగా దానికి ఆనేది." చెప్పినట్టే ఆయన ఒక్కో తానూ చెంపకు రుద్దుకుంటుంటే కొట్టావిడ ముక్కున వేలేసుకుంది.

"బాబాయిగారూ, ముందా గడ్డం గీసుకుని రండి. నా గుడ్డలన్నీ పోగులు లేస్తున్నాయి."

నిజంగానే ఇంటికెళ్లి గీసుకొచ్చాడు. మళ్లీ మొదట్నుంచీ చూశాడు. కొత్త గుడ్డలన్నీ గంజితో బిరుసుగా ఉన్నాయి, ఒక్కటీ నచ్చలేదు. ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు దుప్పటి ఇంట్లోనే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. కళ్లకని తీసిన మెరిసే గుండీలు చెంపకు గుచ్చుకున్నాయి, వాటినీ పక్కన పెట్టాడు. చివరికి బూరుగు దూది, జుట్టుకు ఊలు, సన్న సూది, మూసిన కళ్లు కుట్టడానికి నల్లదారం తెచ్చుకున్నాడు.

ఆ సన్న సూదిలో దారం ఎక్కించేసరికే తల ప్రాణం తోకకొచ్చింది. దూది కూరేటప్పుడు మరో తంటా. మెడ దగ్గర ఇంకాస్త, భుజాల్లో ఇంకాస్త అంటూ చెయ్యి ఊరుకోదు. వదులుగా కూరిన పనివాళ్లను డిపోలో ఎన్నిసార్లు తిట్టి విప్పించాడో! ఇప్పుడు తను కూరింది తనే విప్పాడు. మెడలోంచి సగం దూది లాగేశాడు. చంకల దగ్గర మొత్తం తీసేశాడు. ఎత్తుకుంటే బరువు తెలియాలని, కడిగి ఎండబెట్టిన ఇసుకను చిన్న సంచిలో పోసి పొట్ట అడుగున పెట్టి కుట్టేశాడు. బొమ్మ తల వేలాడేసింది. ఇంత అధ్వాన్నమైన పని తన చేతుల మీదుగా ఎన్నడూ జరగలేదని ఆయన ప్రాణం ఉసూరుమంది. విప్పేద్దామని కత్తెర కూడా తీశాడు. కానీ తెల్లవారితే సోమవారం.

ఉదయం కోడలు గుమ్మం దగ్గర నిలబడింది. ఆమె బ్యాగు పట్టీని పాప గట్టిగా పట్టుకుంది, ఎంత బతిమాలినా వదల్లేదు. కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇక లాభం లేదు మావయ్యా" అంటూ ఫోను తీసింది.

సీట్లాయన సిగ్గుపడుతూనే బొమ్మను పాప ముందుకు చాచాడు. "సరిగ్గా కుదర్లేదు తల్లీ. మెడ నిలవట్లేదు."

పాప ఒక చేత్తోనే అందుకుంది. బొమ్మ తల ఆమె భుజం మీద వాలింది. చేతులు రెండూ ఆమె మెడకు అటూ ఇటూ జారి వీపు మీద పడ్డాయి. పాప కదల్లేదు. కాసేపటికి బ్యాగు పట్టీ వదిలేసి, ఆ చెయ్యి కూడా తెచ్చి బొమ్మ వీపు మీద వేసింది.

"నువ్వెళ్లమ్మా" అంది గుసగుసగా. "దీనికి నిద్రొస్తోంది."

కోడలు మామగారి వైపు చూసింది. ఆయన వెళ్లమని చెయ్యూపాడు. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని, గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయింది.

"ఏవండీ, పాప ఉందా, వెళ్లిందా?" వంటింట్లోంచి భార్య కేకేసింది.

ఆయన నోరు తెరవబోయాడు.

"మాట్లాడకు తాతయ్యా, లేస్తుంది" అని పాప కసిరింది.

ఎవరు చెప్పినా నోరు మూయని మనిషి, కళ్లు తుడుచుకుంటూ, సంతోషంగా నోరు మూసుకున్నాడు.