గోడ మీద మంట బొమ్మ

సౌదీలోని ఖఫ్జీలో మేముండే విల్లా ఒకప్పుడు విదేశీ ఇంజనీర్ల కోసం కట్టింది. అందుకే మిద్దె మీద బాయిలర్, గదుల్లో వేడినీటి గొట్టాలు. చలికాలంలో సముద్రపు గాలి కిటికీ సందుల్లోంచి దూరేది. వదినకు కాన్పయి నెల కూడా కాలేదు. ఆమెకు సాయంగా నేను వచ్చాను. మేజోళ్ల మీద మేజోళ్లు తొడిగినా పాప పాదాలు చల్లగానే ఉండేవి.

గదుల వేడిని అదుపుచేసే పాత థర్మోస్టాట్ బాగా పనిచేస్తున్నా దాన్ని పీకేసి, ఫోన్‌తో నడిచే కొత్తదాన్ని అన్న తనే బిగించాడు. అన్నది కంప్యూటర్ల ఉద్యోగం. తెర వెలిగింది, వేడి మొదలైందన్నట్టు దాని మీద చిన్న మంట బొమ్మ వచ్చింది. బాయిలర్ మాత్రం కిక్కురుమనలేదు. గొట్టాలు ముట్టుకుంటే చచ్చిన చేపల్లా ఉన్నాయి.

"పాప కాళ్లు జర ముట్టి చూడు. మంచు లెక్క ఉన్నయ్," అంది వదిన.

"మంట బొమ్మ వస్తుంది గదనే. ఎక్కుతది, ఆగు," అన్నాడు అన్న, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

మెకానిక్‌ను పిలవమంటే నవ్వాడు. శుక్రవారం తనలాంటి స్నేహితులనే పిలిచాడు. మగవాళ్లొస్తే మేం లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకోవాలి. ఇది ఇక్కడికొచ్చాక మా ఇంటికి పట్టిన అలవాటు. హైదరాబాద్‌లో ఈ స్నేహితుల మధ్యే కూర్చుని వదిన పేకాడేది.

తలుపు వెనక చదవడానికేమీ లేక థర్మోస్టాట్ పెట్టెలోని కాగితం చదివాను. వైర్ల రంగులు దేశాన్నిబట్టి మారతాయి, ముందు పరీక్షించుకోండి అని మొదటి పేజీలోనే ఉంది. బయట వాళ్లు ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని, మాంసం వేసి వండిన మందీ అన్నం తింటున్నారు. తింటూ తింటూ లేచి, వేళ్లు నాక్కుంటూ తెర నొక్కడం తలుపు సందులోంచి కనిపిస్తూనే ఉంది. వైఫై సరిగా లేదని ఒకరు, బాయిలరే ముసలిదయిందని మరొకరు అన్నారు.

"నీ బాయిలర్ గూడ జుమ్మా సెలవు తీస్కున్నదిరా," అన్నాడొకడు. అందరూ నవ్వారు.

"గిండ్ల న్యూట్రల్ ఏదిరా?" అని ఇంకొకడు అడిగాడు.

"నలుపు. మనింట్ల చిన్నప్పటి సంది నలుపే గద," అన్నాడు అన్న.

న్యూట్రల్, అంటే కరెంటు ఉండని వైరు, నల్లదే అనుకున్నారు. ఆ మాట అక్కడితో సరి. హైదరాబాద్ నుంచి తెచ్చిన టెస్టర్ వంటింటి సొరుగులోనే ఉంది. అంత చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ అది గుర్తు రాలేదు. నా ఒళ్లో పాప ఏడుస్తోంది. తలుపు తీసి చెప్పే ధైర్యం నాకు లేదు. నా మీద నాకే రోత పుట్టింది.

వాళ్లను సాగనంపడానికి అన్న కిందికి దిగాక బయటికొచ్చాను. వాళ్లు విప్పి వదిలేసిన థర్మోస్టాట్ గోడలోంచి వైర్లకు వేలాడుతోంది. బొక్కలోంచి రాలిన బొద్దింక గుడ్లు, సున్నం పొడి నేల మీది ఎంగిలి మెతుకులపై పడి ఉన్నాయి. తెర మీద నూనె వేలిముద్రలు, వాటి వెనక అదే మంట బొమ్మ. టెస్టర్ తెచ్చి తెల్ల వైరు దగ్గర పెట్టాను. వెలగలేదు. నల్లదాని దగ్గర పెట్టగానే ఎర్రగా వెలిగింది.

అన్న మెట్లెక్కి వచ్చాడు.

"అన్నా, కరెంటు నల్లదాంట్ల ఉంది. బాయిలర్‌కు పోయేదాంట్లకు కరెంటే పోతలేదు," అన్నాను గోడ వైపు చూస్తూ.

అతను నన్ను కాదు, టెస్టర్‌ను చూశాడు. మెయిన్ ఆపి, రెండు వైర్లూ మార్చి బిగించాడు. కాసేపటికి మిద్దె మీద బాయిలర్ గుర్రుమంది.

"నేను అప్పుడే అనుకున్న," అన్నాడు. ఫోటో తీసి స్నేహితుల గ్రూపులో పెట్టుకుంటూ సోఫాలో కూలబడ్డాడు. బొద్దింక గుడ్లు అతని కాలి పక్కనే ఉన్నాయి. వాటిని నేనే ఊడ్చాను. ఆ జిడ్డు తెరనూ నేనే తుడిచాను. తుడిచేకొద్దీ మసాలా వాసన నా చేతులకే అంటింది.

సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వెళ్లి పాప మేజోళ్లు విప్పాను. పాదాలు వెచ్చబడుతున్నాయి.