రాగం పట్టే బటను

మరిదికి రాగాలు స్నానాల గదిలోనే పుడతాయి. మగ్గుతో నీళ్లు పోసుకుంటూ కూనిరాగం తీస్తాడు, తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చేసరికి మర్చిపోతాడు. దేవుడు అతనికి గొంతు నిండా సంగీతమిచ్చి, జ్ఞాపకం దగ్గర మాత్రం పిసినారితనం చూపించాడు. ఆ లోటు తీర్చుకోవడానికే అతను ఒక కంట్రోలర్ కొన్నాడు. నల్లటి పలక, దాని నిండా వెలిగే బటన్లు. కంప్యూటర్ కీబోర్డు మీద నాలుగు వేళ్లు మెలిపెట్టి నొక్కాల్సిన షార్ట్‌కట్‌ని ఒక్క బటనుకి అప్పగించేయొచ్చు. పని తొందరగా అయిపోతుంది, మిగిలిన సమయంలో సంగీతం చేసుకోవచ్చు.

ఆ మిగిలిన సమయం ఇప్పటిదాకా ఎవరి కంటా పడలేదు. కొన్న రోజు నుంచీ అతను బటన్లకి పని నేర్పుతూనే ఉన్నాడు. పాట రికార్డు చేసే ట్రాకు తెరవడానికొకటి, మూయడానికొకటి, పొరపాటున మూశానని తెలిస్తే మళ్లీ తెరవడానికొకటి. వాటికి ఎరుపు నచ్చక పచ్చ, పచ్చ నచ్చక నీలం.

"పునాది పడుతోంది వదినా" అనేవాడు.

"పునాది సరే బాబూ, ఇల్లు మా మనవలు చూస్తారా?" అనేది వదిన.

టైల్స్ కొట్టు నడిపే అన్నకి ఇంత సరసం లేదు. సరుకు పెట్టుకోవాల్సిన వెనక గదిని తమ్ముడి సంగీతానికిచ్చి విసిగిపోయి ఉన్నాడు. రేడియోవాళ్లు తమ పొద్దుటి కార్యక్రమానికి ముందు వేసే రాగం ఒకటి కావాలని తమ్ముణ్ణి అడిగేసరికి ఆ మాటనే పట్టుకున్నాడు.

"ఆ రేడియో ఆవిడ ఇవాళ సాయంత్రం వచ్చి వింటానంది కదా. నచ్చిందా, గది నీది. నచ్చలేదా, రేపట్నుంచి నువ్వు కొట్లో కూర్చుంటావు, నీ గదిలో టైల్స్ పెట్టెలు కూర్చుంటాయి" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆ పొద్దున్నే స్నానంలో రాగం దొరికింది. అల్లాటప్పా రాగం కాదు, పాడుతున్నవాడికే ఒళ్లు పులకరించింది. పక్కన వంటగదిలో గిన్నెలు తోముతున్న వదిన చెయ్యాపి మరీ వింది. మరిది తువ్వాలుతోనే వెనక గదికి పరుగెత్తాడు. ఇంకెవరైనా అయితే మైకు ముందు నిలబడి పాడేసేవారు. ఇతనికి అంతకన్నా గొప్ప ఆలోచన వచ్చింది. ఇకమీదట కూడా రాగాలు వస్తాయి కదా, ప్రతిసారీ ఇలా తువ్వాలుతో పరుగులు పెట్టడమేనా? ఒక్క బటను నొక్కితే చాలు, పాత ట్రాకులన్నీ చెరిగిపోయి, కొత్తది తెరుచుకుని, రికార్డింగు మొదలైపోవాలి. రాగం పట్టే బటను. చిటికెలో పని.

ఆ చిటికె మధ్యాహ్నం భోజనాలు దాటాక కూడా సాగింది. చివరికి బటను బంగారు రంగులో వెలిగింది. మరిది మురిసిపోయి, మైకు దగ్గరికి జరిగి నోరు తెరిచాడు. రాగం లేదు. గొంతు సవరించుకున్నాడు, కళ్లు మూసుకున్నాడు, వెళ్లి మళ్లీ స్నానం చేశాడు. నీళ్లొచ్చాయి గానీ రాగం రాలేదు. ఇక తన బతుకంతా బాత్రూం టైల్స్ అమ్ముకోవడమేనని తెలిసిపోయింది.

రేడియో ఆవిడ రానే వచ్చింది. వెనక గదిలో కుర్చీ వేయించుకుని, వినిపించమంది.

"మైకు కొంచెం మొరాయిస్తోందండీ" అన్నాడు మరిది.

మంచినీళ్లు తెచ్చిన వదిన వింది. "ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట. పొద్దున పాడుకున్నావు కదా, అదేగా?" అని తనే కూనిరాగం అందుకుంది. ఒక్క స్వరం పోలేదు. మరిది మధ్యలో నీళ్లు గుమ్మరించుకోవడానికి ఆగిన చోట తనూ ఆగింది.

"అదే వదినా, ఆపకండి" అంటూ మరిది బంగారు బటను నొక్కాడు.

కంప్యూటర్లో ఏ పేజీ ముందుంటే ఆ పేజీకే బటను ఆజ్ఞలిస్తుంది. ముందున్నదేమో బటన్లకి పనులు అప్పగించే పేజీ, అతను దాన్ని మూయడం మరిచిపోయాడు. అన్నీ చెరిపేయమన్న ఆజ్ఞ నేరుగా దానికే చేరింది. పలక మీద దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. అన్నిటికన్నా ఆఖర్న బంగారు రంగుది ఆరింది.

"కంగారు పడకండి, నేను పట్టాను" అంటూ రేడియో ఆవిడ చేతిలో ఫోను చూపించింది.

"ఏ బటనుతో?" అని అడిగాడు మరిది, పాపం.

"ఇందులో ఒక్కటే ఉందండీ" అని, ఆవిడ మొత్తం వినిపించింది. "మాకిదే కావాలి. ఈ గొంతుతోనే, ఆ ఆగిన చోటుతో సహా. ఇకముందు రాగాలు కూడా మీరే చేసిపెట్టండమ్మా."

"నాదేం లేదండీ, రాగాలన్నీ మా మరిదివి. తలుపవతల వినడం వరకే నా వంతు" అంది వదిన.

"అయితే ఆయన్ని స్నానం చేస్తుండమనండి, మీరు వింటుండండి."

గది దక్కింది. అది తెలియగానే మరిది కళ్లలో నీళ్లు తిరిగాయి, సంతోషమెంతో సిగ్గూ అంతే. వదిన చూడనట్టు ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్న స్నానాల గది తలుపవతల వదిన ఫోను పట్టుకుని నిలబడింది. లోపల నీళ్ల చప్పుడు మొదలైంది, కూనిరాగమూ మొదలైంది. కాసేపటికి రెండూ ఆగాయి.

"వదినా, ఈ గోడకి తడిసినా పాడవని బటను ఒకటి బిగిస్తే..."

"ఆలోచించకు బాబూ" అంది వదిన. "నీళ్లు పోసుకో."