సున్నా రాని తీసివేత

నా పరిశోధనకు గైడ్‌గా ఉన్న సార్‌కు పక్షవాతం వచ్చేనాటికి నేను థీసిస్ మూడో అధ్యాయంలో ఉన్నాను. హన్మకొండలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. సార్ దగ్గర లెక్కంటే చేత్తో చేసేదే. పేజీలకు పేజీల సమీకరణాలు సిరా పెన్నుతో, కొట్టివేత లేకుండా రాసేవారు. ఇప్పుడు ఆ కుడిచెయ్యి లేవదు. మాట ముద్దగా వస్తోంది.

ఆయన ఎప్పుడో ఒక పరిశోధన పత్రికలో అచ్చు వేయించిన ఫలితం మీదే నా మూడో అధ్యాయమంతా నిలబడి ఉంది. దాన్ని ముందుకు పొడిగించడం నా ఒక్కదానివల్ల కావడం లేదు. మా కాలేజీలో కంప్యూటర్లు చెప్పే అమ్మాయి చూసి, "గింత కష్టపడి చేత్తోని ఎందుకు చేస్తాన్నవ్ అక్కా? అక్షరాలతోని లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ ఉన్నది గదా" అని నా ల్యాప్‌టాప్‌లో ఎక్కించింది.

నలభై నాలుగేళ్లకు మళ్లీ ఓనమాలు. రెండు పక్కన ఎక్స్ రాస్తే గుణకారమని నా విద్యార్థులందరికీ అర్థమవుతుంది, దానికి కాదు. మధ్యలో నక్షత్రం గుర్తు పెట్టాలి. ఎక్స్ ఒక చలరాశి అని ముందే చెప్పకపోతే ఎర్ర అక్షరాలతో గదిమేది. సమానం గుర్తుతో మరీ కష్టమైంది. అది రెండు వైపులా ఒకే విలువ అని ఇరవై ఏళ్లుగా పాఠం చెప్పిన నేను, ఇక్కడ కుడివైపున్నదానికి ఎడమవైపు పేరు పెట్టడమేనని నేర్చుకోవాల్సి వచ్చింది.

"రెండు ఒకటేనా అని తెల్వాల్నంటే ఒకదాంట్లకెళ్లి ఇంకోటి తీసెయ్యి అక్కా. సింప్లిఫై చెయ్యమను. సున్నా వస్తే ఒకటే" అంది ఆ అమ్మాయి.

సాధన కోసం సార్ పాత ఫలితాన్నే తీసుకున్నాను. జవాబు తెలిసిన లెక్కయితే నా టైపింగ్ తప్పులు బయటపడతాయని. సున్నా రాలేదు. చివర ఒక పదం మిగిలింది. వారం రోజులు తప్పు నాదే అనుకున్నాను. ఆఖరికి ఆయన చేసిన ఒక్కో మెట్టూ ఎక్కించి చూశాను. పదకొండో పేజీ దాకా అన్నీ సున్నాలే. పన్నెండో పేజీలో ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ ఉంది.

సార్‌కు చెప్పకుండా నా అధ్యాయం మార్చుకోవచ్చు. రెండు రోజులు అదే ఆలోచించాను. ఆదివారం పొద్దున ఖిలా వరంగల్‌లోని వాళ్లింటికి వెళ్లి, కుర్చీ పక్కన కూర్చుని చెప్పేశాను.

"మిషిన్ చెప్పిందా, నువ్వు చేసినవా?" అన్నారు సార్.

"మిషినే సార్."

"అయితే నువ్వు చెయ్యి. నా ముందట చెయ్యి."

కాగితం మీద చేశాను. గంటకు పైగా పట్టింది. ఆయన నా పెన్ను మొననే చూస్తున్నారు. ఆ గుర్తు దగ్గరికి రాగానే "ఆగు" అని కళ్లు మూసుకున్నారు.

"పంతొమ్మిదేండ్లు. ఎవ్వలు చూడలే బిడ్డా. నేను గూడ చూడలే."

"ఇప్పుడు ఎవరికి తెలుస్తది సార్" అన్నాను. అన్నందుకు నాకే సిగ్గేసింది.

"పత్రికకు ఉత్తరం రాయి. తప్పు నాదని రాయి. పట్టుకున్నది నువ్వని రాయి."

అక్కడే ల్యాప్‌టాప్‌లో రాశాను. కింద తన పేరు తానే కొడతానన్నారు. ఎడమచేతి చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతుక్కున్నారు. వాళ్లావిడ చాయ్ తెచ్చి, ఆయన ముగించేదాకా కప్పు పట్టుకుని నిలబడే ఉంది.

సవరణ అచ్చయింది. నా అధ్యాయం సగం పోయి, థీసిస్ ఏడాది వెనకబడింది. ఆ ఏడాదంతా ఆదివారాలు ఆయనకు ఆ సాఫ్ట్‌వేర్ నేర్పాను. బ్రాకెట్ మూయడం మరిచి నా వైపు చూసేవారు. "సున్నా అని చెప్తది గని ఎందుకో చెప్పది" అన్నారొకసారి.

వైవా అయ్యాక నేరుగా వాళ్లింటికే వెళ్లాను.

"ఏమడిగిన్రు?"

"సవరణ గురించే సార్. ఉన్నది ఉన్నట్టు చెప్పిన."

ఆయన తల ఊపారు. ఆ వానాకాలం దాటకుండానే పోయారు.